యాకమ్మవ్వ అల్లుళ్ళు

అల్లం దంచి వేసిన చాయ్ మరుగుతున్న వాసన పంచాయతీ ఆఫీసు వరండాలోంచి లోపలికి వస్తే చాలు, నాకు నవ్వొస్తుంది. మొన్న మీటింగులోనూ అదే జరిగింది. కొత్తగా వచ్చిన సెక్రటరీ అమ్మాయి మురికి కాలువల సంగతి శ్రద్ధగా చదువుతోంది, బయట పొయ్యి మీద చాయ్ పొంగింది, నేను కొంగు అడ్డం పెట్టుకుని నవ్వాను. పాపం, తనేదో తప్పు చదివాననుకుని మళ్ళీ మొదటి నుంచి అందుకుంది. ఆ వాసన వెనక నాకు యాకమ్మవ్వ కనబడుతుందని ఆ పిల్లకెలా తెలుస్తుంది? యాకమ్మవ్వ పోయి చాలాకాలమే అయింది. తలుచుకుంటే న్యాయంగా ఏడుపు రావాలి. ఏం చేయను, ముందు నవ్వే వస్తుంది. ఆమె మనిషే అలాంటిది.

మా ఊరు ధర్మసాగర్ చెరువు పక్కనే. మా ఊరు అంటున్నాను గాని అది మా అత్తగారి ఊరు. నేను పుట్టి పెరిగింది వరంగల్‌లో, మట్టెవాడ గల్లీలలో. చిన్నప్పుడే అమ్మ పోతే నాన్న ఒక్కడే పెంచి పెళ్ళి చేశాడు. నేను కాపురానికొచ్చిన కొత్తలోనే పంచాయతీ ఎన్నికలొచ్చాయి. మా ఆయన రమేశ్ వార్డు మెంబర్‌గా నిలబడాలని ఎప్పటి నుంచో ఉబలాటపడుతున్నాడు. తీరా చూస్తే సర్పంచ్ పదవీ, మా వార్డూ రెండూ ఆడవాళ్ళకు రిజర్వయ్యాయి. ఆ రోజు ఇంటికొచ్చి చెప్పులు విప్పుతూనే, "వార్డు లేడీసుకు పోయింది. నీ పేరు మీద నామినేషన్ ఏస్తాన్న" అన్నాడు, కరెంటు మీటరు నా పేరు మీద రాయిస్తున్నంత తేలిగ్గా. నేను సరేనన్నాను. ఓట్లడుగుతూ ఆయన ముందు నడిచాడు, నేను వెనకాల దండాలు పెట్టుకుంటూ నడిచాను. గెలిచాను. గెలిచినట్టు నాకే అనిపించలేదు.

సర్పంచ్‌గా గెలిచింది యాకమ్మ. యాభై దాటిన మనిషి. బర్రెలు సాకి పాలు పోసే ఇల్లు వాళ్ళది. నిండైన మనిషి, మనిషికి తగ్గ గొంతు, గొంతుకు మించిన నవ్వు. గెలిచిన రోజు దండలన్నీ ఆమె భర్త కొమురయ్య మెడలో పడ్డాయి. ఆయన బర్రెలతో తప్ప మనుషులతో పెద్దగా మాట్లాడడు. జనం "సర్పంచ్ సాబ్" అంటూ భుజాల మీదికెత్తుకుంటే, బిక్కమొహం వేసుకుని గుంపులో పెళ్ళాం కోసం వెతుక్కున్నాడు. ఆమె ఓ పక్కన నిలబడి పగలబడి నవ్వుతోంది. "ఎత్తుకోన్రి, ఎత్తుకోన్రి. జర పైలం, ఆయనకు నడుము నొప్పున్నది" అంది. ఇదేం మనిషి, తన దండలు ఇంకొకరి మెడలో పడుతుంటే నవ్వుతుంది అనుకున్నాను నేను.

మొదటి మీటింగు రోజు మేం ఆడమెంబర్లం వెళ్ళేసరికి లోపల కుర్చీలన్నీ నిండి ఉన్నాయి. మా మా మొగుళ్ళు ఇస్త్రీ చొక్కాలు తొడుక్కుని దర్జాగా కూర్చున్నారు. మా ఆయన కిటికీ పక్క కుర్చీ పట్టాడు, గాలి తగులుతుందని. మేం వరండాలో గోడకానుకుని నిలబడ్డాం. మాలో ఎవరికీ అది తప్పుగా తోచలేదు, ఆ సంగతి ఇప్పుడు తలుచుకుంటే విడ్డూరంగా ఉంటుంది. అంతలో యాకమ్మ వచ్చింది. గుమ్మంలో ఆగి లోపలికి చూసింది, మా వైపు చూసింది. ఇక గొడవే అనుకున్నాం. ఆమె బుగ్గన చెయ్యి పెట్టుకుంది.

"అయ్యో, అల్లుండ్లు వచ్చిన్రా! గింత ఎండల వచ్చిన్రు. మిమ్ముల తీస్కపోయి గీ చెక్క కుర్చీలల్ల ఎవలు కూసోబెట్టిన్రు? సిగ్గు లేకుంట!"

లోపలున్నవాళ్ళు మొహాలు చూసుకున్నారు. "మేం అల్లుళ్ళమెట్లయితం యాకమ్మా?" అన్నాడొకాయన.

"మరేందయ్యా? నేను సర్పంచ్‌నైతే గీ మెంబర్లు నా బిడ్డలు కారా? నా బిడ్డల మొగండ్లు నాకు అల్లుండ్లు కారా? ఇంటికొచ్చిన అల్లునికి ఎవలన్న పని చెప్తరా? కాలువలు, మోరీలు మీతోని మాట్లాడిస్తే ఊరు నా మొకాన ఉమ్మదా?"

కొమురయ్యను అప్పటికే పురమాయించి పెట్టిందని తర్వాత తెలిసింది. బయట వేపచెట్టు కింద మంచాలు వాల్చి ఉన్నాయి, వాటి మీద ఉతికిన దుప్పట్లు పరిచి ఉన్నాయి. పొయ్యి మీద అల్లం చాయ్ మరుగుతోంది. పక్కనే మూకుడులో మిర్చి బజ్జీలు. మా దిక్కు అల్లుడంటే ఆషామాషీ కాదు. పీట వేయాలి, కాళ్ళకు నీళ్ళివ్వాలి, అడక్కుండానే పెట్టాలి. అంత మర్యాద చేస్తానంటే వద్దని లోపలే కూర్చునే మొగవాడెవడు? ఒక్కొక్కరే కాలర్లు సర్దుకుంటూ లేచారు. వెళ్తూ వెళ్తూ మా ఆయన నా వైపు చూసిన చూపు ఇప్పటికీ గుర్తుంది. తనను గౌరవించారో సాగనంపారో తేల్చుకోలేని చూపు.

"కూసోన్రి బిడ్డా" అంది ఆమె, ఖాళీ కుర్చీలు చూపించి. తనేమో సర్పంచ్ కుర్చీలో కూర్చోబోయింది. ఆ కుర్చీ చేతుల మధ్య ఆమె పట్టలేదు. అటు తిరిగి, ఇటు తిరిగి చూసి, "మొగోళ్ళ కొలతకు చేసిన్రు దీన్ని" అని నవ్వి, గోడవారన ఉన్న బల్ల లాక్కుని మా మధ్యే కూర్చుంది. ఐదేళ్ళూ ఆ బల్ల మీదే కూర్చుంది. నేను "అత్తమ్మా, నేనేమన్న రాయాల్నా?" అని అడిగితే కళ్ళెర్రజేసింది. "గీ ఆఫీసుల నన్ను అత్త అన్నవంటే ఊకోను. అవ్వ అను." మా దిక్కు అవ్వ అంటే అమ్మే. అమ్మను పిలిచిన గుర్తు లేని నాకు ఆ మాట గొంతులోంచి రావడానికి కాస్త టైం పట్టింది. వచ్చాక మాత్రం పోలేదు.

ఇదంతా ఆమె సరదాకు చేస్తోందనుకున్నాను చాలా రోజులు. కాదని మెల్లగా అర్థమైంది. ఊళ్ళో కోడలికి నోరుండకూడదు. మామ ముందు కుర్చీలో కూర్చోకూడదు, బావ ముందు గొంతు పెంచకూడదు. అదే ఆడపిల్లనుకోండి, పుట్టింటికొచ్చి తండ్రితో పోట్లాడుతుంది, అన్నను నిలదీస్తుంది, అందరూ మురిపెంగా వింటారు. పేరుకు మెంబర్లమే గాని మేమందరం ఊరి కోడళ్ళమే. యాకమ్మవ్వ చేసిందల్లా మమ్మల్ని ఆఫీసు గడప దాటగానే బిడ్డల్ని చెయ్యడం. ఎవరి మీదా కేకలేయలేదు, ఎవరినీ తప్పుపట్టలేదు, వరస మార్చేసింది.

అల్లుళ్ళకు మొదట్లో బాగానే ఉంది. తర్వాత తర్వాత విసుగు పుట్టింది. మంచం మీద కూర్చుని ఎంతసేపని బజ్జీలు తింటారు? ఒకరికి పొలం పని గుర్తొచ్చింది, ఇంకొకరికి కడుపులో మంట మొదలైంది. అందరికంటే ఎక్కువ కాలం పట్టు విడవనిది మా ఆయనే. మంచాన్ని కిటికీ కిందికి జరుపుకుని చెవి ఇటు పెట్టేవాడు. అది చూసి ఆమె, "రమేశు అల్లునికి ఇంకో రెండు బజ్జీలియ్యున్రి" అని లోపల్నుంచే కేకేసేది. చివరికి ఓ రోజు ఇంట్లో కంచం ముందు కూర్చుని, "మీ అవ్వ నన్ను కూసోబెట్టి మేపుతాంది" అన్నాడు ఉక్రోషంగా. ఆ తర్వాత నుంచి నన్ను ఆఫీసు దగ్గర బండి మీద దింపి పోతుండేవాడు. నేను నవ్వలేదు. ఆయన అటు తిరిగాక నవ్వాను.

మొగుళ్ళు వెళ్ళిపోతే మాకు నోళ్ళు వచ్చేస్తాయనుకుంటే పొరపాటు. ఆఫీసు గదిలో సరే, గ్రామసభలో నలుగురి ముందు లేవకుండా నేను వెనక వరసలోనే కూర్చుండిపోయేదాన్ని. ఇంటి దగ్గరా అంతే. వార్డులో ఎవరికే అవసరమొచ్చినా మా వాకిట్లో నిలబడి, "రమేశు ఉన్నడా?" అని అడిగేవారు. లేడంటే మళ్ళొస్తామని వెళ్ళిపోయేవారు. నేనున్నాను కదా, మెంబర్‌ని నేనే కదా అని చెప్పాలని ఎంత ఉండేదో.  చెప్పుల చప్పుడు చేసుకుంటూ వాళ్ళు వెళ్ళిపోతుంటే చూస్తూ నిలబడేదాన్ని. ఈ బాధ యాకమ్మవ్వకు తప్ప ఇంకెవరికీ చెప్పలేదు. విని, "వాళ్ళకేం తెలుస్తది బిడ్డా, నీ గొంతెట్లుంటదో వాళ్ళు ఎన్నడన్న విన్నరా?" అంది.

ఆ గొంతు వినిపించే రోజు నీళ్ళ వల్ల వచ్చింది. చిత్రమేమిటంటే మట్టెవాడలో ధర్మసాగర్ నీళ్ళు తాగి పెరిగినదాన్ని నేను. అదే చెరువు పక్కకు కాపురానికొస్తే మా వార్డులో నల్లాకు చుక్క నీళ్ళు రావు. పట్నానికి పోయే పెద్ద పైపు మా పొలాల పక్క నుంచే పోతుంది, మేం మాత్రం బిందెలు పట్టుకుని బోరింగ్ దగ్గర కొట్లాడుకోవాలి. ఆ ఎండాకాలం గ్రామసభలో ఈ సంగతి నేనే మాట్లాడాలని ఆమె పట్టుబట్టింది. "నువ్వే చెప్పరాదా అవ్వా" అని బతిమాలాను. "నేను చెప్తే అది సర్పంచ్ మాట అయితది. బిందె మోసేది నువ్వు" అంది.

బడి ఆవరణలో గ్రామసభ. నా పేరు పిలిచారు, లేచాను. ఎదురుగా మొదటి వరసలో మా మామగారు, కుర్చీలో నిటారుగా, కండువా భుజాన వేసుకుని. అంతే, తల దించేసుకున్నాను. ఆయన ముందు నేను ఎన్నడూ తల ఎత్తి ఎరగను. జనం చూస్తున్నారు. ఎవరో దగ్గారు. ఆడవాళ్ళ వైపు నుంచి "పాపం" అన్న మాట వినబడింది. కూర్చుందామని మోకాళ్ళు వంచాను కూడా. అప్పుడు యాకమ్మవ్వ బల్ల మీద నుంచే, "వియ్యంకుడా!" అని పిలిచింది. మామగారు ఉలిక్కిపడ్డారు. ఆమె అంతవరకు ఆయన్ను అన్నా అనేది.

"నీ కోడలు నీ మొకం జూసి మాట్లాడది. మంచి మర్యాదగల్ల పిల్ల. జర కుర్చీ అటు తిప్పుకోరాదూ? నా బిడ్డ నాతోని మాట్లాడుకుంటది."

సభంతా గొల్లుమంది. మామగారు నవ్వలేదు, కోపగించుకోలేదు కూడా. లేచి, కుర్చీ పూర్తిగా వెనక్కి తిప్పుకుని, నాకు వీపు పెట్టి కూర్చున్నారు. కండువా మళ్ళీ సర్దుకున్నారు. ఆయన తెల్లజుట్టు, వీపు తప్ప ఇంకేం కనబడలేదు నాకు. ఏమయిందో గాని మాట ఊటలా ఉబికి వచ్చింది. బోరింగ్ దగ్గర వరసలు, పగిలిన బిందెలు, పొద్దున్నే నీళ్ళ కోసం పోయి బడికి ఆలస్యమయ్యే ఆడపిల్లలు, అన్నీ చెప్పాను. ఆపడం చేతగాక చెప్పిందే రెండోసారి చెప్పాను. మధ్యలో మామగారి తల నిదానంగా ఊగడం చూశాను. "నిజమే" అని ఆయన ఎదురుగా ఉన్న గోడకు చెప్పారు. కొత్త పైపు రావడానికి ఆ తర్వాత చాలా తిరగాల్సొచ్చింది గాని, మా నల్లాలో నీళ్ళు పడ్డ రోజు మా వాడ ఆడవాళ్ళు హోలీ ఆడినట్టు ఒకరి మీద ఒకరు పోసుకున్నారు. నన్నైతే నిలువునా తడిపేశారు.

ఐదేళ్ళు ఇట్టే గడిచాయి. మళ్ళీ ఎన్నికలొచ్చేసరికి మా ఊరి సర్పంచ్ సీటు జనరల్ అయింది. ఊళ్ళో మొగవాళ్ళ మొహాలు వెలిగిపోయాయి. ఆడవాళ్ళకు ఇచ్చింది అయిపోయింది, సీటు మాకు తిరిగొచ్చింది అన్నట్టు మాట్లాడుకున్నారు. జనరల్ అంటే మొగవాళ్ళదేనని ఊరంతా నమ్మింది, అబద్ధమెందుకు, నేనూ నమ్మాను. మా ఆయన అయితే రెండు తెల్లచొక్కాలు కుట్టించుకున్నాడు. "నువ్వు ఐదేండ్లు చేసినవ్, ఇగ నేను నిలవడ్త. నీ మంచిపేరు నాకు పనికొస్తది" అన్నాడు ప్రేమగానే. నాకు ఎక్కడో కలుక్కుమంది. ఎందుకో తెలిసీ తెలియనట్టు ఆ చొక్కాలకు ఇస్త్రీ చేసిపెట్టాను.

మోకాళ్ళ నొప్పులతో యాకమ్మవ్వ తను ఇక నిలబడనని చెప్పేసింది. మా ఆఖరి మీటింగులో అందరూ ఉండగా సెక్రటరీని అడిగింది. "సారూ, జనరల్ అంటే ఎవలు నిలవడొచ్చు?" ఆయన ఎవరైనా అన్నాడు. "ఆడోళ్ళు సుత?" "ఆడవాళ్ళయినా, మగవాళ్ళయినా. ఊళ్ళో ఓటుంటే, వయసుంటే చాలమ్మా." ఆమె నా వైపు తిరిగింది. "ఇన్నవా? లేడీస్ సీటుల గెలిస్తే ఇచ్చిన్రు అంటరు బిడ్డా. జనరల్ల గెలువు, అప్పుడేమంటరో జూద్దాం."  ఆ రాత్రి నాకు పట్టిన కోరిక అంతకు ముందెన్నడూ పట్టలేదు. సర్పంచ్ కావాలని నాకు నిజంగా ఉంది. ఆ మాట ఇంట్లో చెబితే మా ఆయన ఏమైపోతాడోనన్న భయం కూడా అంతే ఉంది. తెల్లారి ఆమె ఇంటికి పోయి, "నువ్వొచ్చి మా ఇంట్ల మాట్లాడు అవ్వా" అన్నాను. "వస్త. మాట మాత్రం నీదే" అంది.

వచ్చింది, వట్టి చేతులతో కాదు. కొమురయ్య నెత్తి మీద గంప, వెనక పదిమంది ఆడవాళ్ళు. నాకు ఒడిబియ్యం పోయడానికి. పెళ్ళయిన ఆడపిల్లకు పుట్టింటివాళ్ళు పసుపు కలిపిన బియ్యం ఒళ్ళో పోసి, బట్టలు పెట్టి దీవించే పండగ అది. అమ్మ లేని నాకు అంతవరకు ఎవరూ పోయలేదు. పక్కింటివాళ్ళ ఒడిబియ్యానికి పోయి పాటలు పాడి వచ్చేదాన్ని. నన్నూ మా ఆయన్నూ పీటల మీద కూర్చోబెట్టారు. యాకమ్మవ్వ దోసిళ్ళతో పచ్చటి బియ్యం నా ఒళ్ళో పోస్తుంటే, ఎండుకొబ్బరి కుడుకలు, ఖర్జూరాలు, రవికె గుడ్డ ఒక్కొక్కటే పెడుతుంటే, నాకు కన్నీళ్ళు ఆగలేదు. సంతోషానికి అంత బరువుంటుందని నాకు తెలియదు. మా ఆయనకు కొత్త ధోవతి, కండువా పెట్టింది. ఆయన వాటిని చూసి, మా ఇద్దరినీ చూసి, "అత్తా, బట్టలు పెట్టి ఏమన్న గుంజుకపోతవా ఏంది?" అన్నాడు నవ్వుతూనే.

"నేనేం గుంజుకుంట అల్లుడా. అడిగేదుంటే నా బిడ్డ అడుగుతది" అని ఆమె వెనక్కి జరిగి అరుగు మీద కూర్చుంది. ఇక పెదవి విప్పలేదు. ఆడవాళ్ళు పాట ఆపారు. మామగారు ఆ గ్రామసభ తర్వాత పడిన అలవాటు ప్రకారం లేచి కుర్చీ అటు తిప్పుకోబోయారు.

"తిప్పకు మామా" అన్నాను. "నీ ముందే చెప్త. సర్పంచ్‌కు నేను నిలవడ్త." మా ఆయన వైపు తిరిగాను. "నీకు నిలవడాలని ఉన్నది, నాకెరుకే. నాకు సుత ఉన్నది. పని నాకొచ్చు. నాకియ్యి."

ఆయన మొహంలో నవ్వు పోయింది. కొత్త కండువా అంచు వేలికి చుట్టుకున్నాడు. ఆయనకు కష్టంగా ఉందని నాకు కనబడుతూనే ఉంది, అయినా నేను మాట వెనక్కి తీసుకోలేదు. మామగారు నా మొహంలోకి చూసి, కొడుకును చూసి, "నీళ్ళు తెచ్చింది ఆ పిల్లేరా" అన్నారు. అప్పుడు మా ఆయన కండువా అంచు వదిలేశాడు.

"మరి నేనేం జెయ్యాలె?"

"అల్లునికి పని చెప్తమా?" అంది యాకమ్మవ్వ, ఆగలేక.

"ఈసారి చెప్పు అత్తా! నీకు దండం పెడత, ఏదన్న పని చెప్పు. కూసుండి చాయ్‌లు తాగి తాగి నా పాణం ఇసిగిపోయింది" అన్నాడు. వాకిలంతా నవ్వు. ఆయన కూడా నవ్వాడు, ముందు కొంచెంగా, తర్వాత మనస్ఫూర్తిగా. తెల్లారి నుంచి నాతో పాటు ఊరంతా తిరిగాడు. ఈసారి నేను ముందు నడిచాను. ఆ తెల్లచొక్కాలు అప్పుడు బాగానే పనికొచ్చాయి.

గెలిచాను. జనరల్ సీటులో ఆడమనిషి గెలిచిందని చుట్టుపక్కల ఊళ్ళవాళ్ళు వింతగా చెప్పుకున్నారు. నేను మొదటి రోజు ఆఫీసులో కూర్చున్నానో లేదో గుమ్మంలో యాకమ్మవ్వ. "రా అవ్వా, కూసో" అని లేచి ఎదురెళ్ళాను. కూర్చోలేదు.

"సర్పంచ్ గారూ, మా గల్లీల లైటు ఎలుగుతలేదు. శానా దినాలాయె. మోకాళ్ళ నొప్పుల మనిషిని, చీకట్ల పడితే ఎవలు జిమ్మేదారు? ఓట్లప్పుడు దండాలు పెట్టుకుంట వస్తిరి. గిప్పుడు కనవడ్తలేమా?"

పరాచికమనుకుని నవ్వాను. ఆమె నవ్వలేదు. నవ్వు లేని యాకమ్మవ్వ మొహం నేను చూడటం అదే మొదటిసారి. "నవ్వుతరేంది? పని చూడున్రి" అంది. మా ఆయన పక్కనే నిలబడి ఉన్నాడు, ఆమె ఆయన వైపు కన్నెత్తి కూడా చూడలేదు. నా కళ్ళలోకే చూస్తూ నిలబడింది. వార్డు మెంబర్‌గా ఉన్న ఐదేళ్ళలో నన్నెవరూ ఇలా తిట్టలేదని అప్పుడు తట్టింది. మా వార్డు తిట్లన్నీ మా ఆయన తినేవాడు. సాయంత్రానికల్లా ఆ గల్లీలో లైటు వెలిగింది.

ఇప్పటికీ ఎవరో ఒకరు కోపంగా ఆఫీసులోకి దూసుకొస్తారు. ఎవరి కోసమూ నా వెనక వెతకరు. నా మొహం చూసి, "నువ్వు సర్పంచ్‌వై ఏం జేస్తాన్నవ్?" అని అరుస్తారు. నాకు లోలోపల ఎంత సంతోషంగా ఉంటుందో చెప్పలేను. పైకి మాత్రం కనబడనివ్వను, కోపంతో వచ్చినవాళ్ళ ముందు నవ్వితే ఇంకా మండుతుంది కదా. కుర్చీ చూపించి, చెప్పమంటాను.